ముందు గేటు లోపల మాట్లాడండి

2019 జూలై చివర్లో మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌లో ఒక వ్యక్తి జొమాటోలో పెట్టిన ఆర్డరును రద్దు చేసుకున్నాడు. భోజనం తెస్తున్న కుర్రాడు హిందువు కాడన్నదే కారణం. డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదన్న కంపెనీ, ఆహారానికి మతం లేదని అందరూ చూసేలా ప్రకటించింది. తమ విలువలకు అడ్డొచ్చే వ్యాపారం పోయినా బాధలేదని ఆ సంస్థ అధిపతి దీపిందర్ గోయల్ అన్నారు. మెచ్చుకున్నవారు ఎందరో, కోపంతో ఫోన్లలోంచి ఆ యాప్ తీసేసినవారూ ఉన్నారు.

2024 మార్చిలో అదే కంపెనీ శాకాహారులకు మాత్రమే భోజనం చేరవేసే ప్రత్యేక దళాన్ని ప్రకటించింది. ఆ దళంలోని వారికి ఆకుపచ్చ దుస్తులు, మిగిలినవారికి మామూలు ఎర్ర దుస్తులు అంది. విమర్శలు రావడంతో ఒక్క రోజులోనే ఆకుపచ్చ దుస్తుల ఆలోచన మానుకుంది. ఎర్ర చొక్కా వేసుకున్నవారంతా మాంసాహారం తెస్తున్నారనుకుని అపార్ట్‌మెంట్ సంఘాలవారు గేటు దగ్గరే ఆపేస్తారేమో, అద్దె ఇళ్లలో ఉన్న కస్టమర్లకు ఇంటి యజమానులతో చిక్కులు వస్తాయేమో అన్న సంగతి గోయల్ కూడా ఒప్పుకున్నారు. దుస్తుల తేడా పోయింది కానీ ప్రత్యేక దళం ఉండిపోయింది.

ఈ రెండింటి మధ్య ఐదేళ్లు కూడా నిండలేదు. మొదటిసారి కంపెనీ ఒక మంచి మాట చెప్పింది. రెండోసారి ఒక ఏర్పాటు చేసింది. బండి మీద తిరిగే మనిషి బతుకును ఎక్కువగా తాకేది ఏర్పాటే. మతం గురించీ, కులం గురించీ, సమాజాన్ని రెండుగా చీల్చే ఇతర విషయాల గురించీ కంపెనీలు బహిరంగంగా తమ వైఖరి చెప్పాలా, నోరు మూసుకుని వ్యాపారం చేసుకోవాలా అన్న చర్చ ఎప్పుడు వచ్చినా, ఈ మాటకూ ఏర్పాటుకూ ఉన్న దూరాన్నే మేము ముందు చూస్తాం. తన గేటు లోపల నడిచే అన్యాయంపై కంపెనీ మాట్లాడి తీరాలనీ, అయితే అక్కడ చేతల్లో చూపించిన తర్వాతే బయట మాట్లాడే అర్హత వస్తుందనీ మా అభిప్రాయం.

కంపెనీలు మాట్లాడకూడదనే వారి వాదనను తేలిగ్గా తీసేయలేం. వ్యాపారానికి ఉన్న సామాజిక బాధ్యత, ఆట నియమాలకు లోబడి లాభం పెంచుకోవడమేనని ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాశారు. వాటాదారుల సొమ్ముతో మేనేజరు తన సొంత ఆశయాలు తీర్చుకోకూడదన్నది ఆయన పట్టుదల. ఆ వాదంతో మాకు ఏకీభావం లేదు. కానీ దాని పక్కనే మరో భయం ఉంది, అది మనలాంటి వారికి నిజమైన భయం. ఓటు మనిషికి ఒకటే. కంపెనీకి ఓటు లేదు గానీ డబ్బుంది, ప్రకటనలున్నాయి, వేలమంది ఉద్యోగులపై పెత్తనముంది. ఈ రోజు మైనారిటీల పక్షాన మాట్లాడిన సంస్థ, గాలి మారితే రేపు వారికి వ్యతిరేకంగా మాట్లాడవచ్చు. సంఖ్యలో తక్కువగా ఉండి, పరాయి రాష్ట్రంలో తరాలుగా బతుకుతూ, పైగా క్రైస్తవులమైన మనం ఈ సంగతి మరచిపోకూడదు.

బైబిల్ కూడా ఈ హెచ్చరిక చేస్తుంది. అపొస్తలుల కార్యముల పదహారో అధ్యాయంలో, సోదె చెప్పే దాసిపిల్ల వల్ల వచ్చే రాబడి పోయిందని ఆమె యజమానులు పౌలును, సీలను అధికారుల ముందుకు ఈడ్చారు. అక్కడ మాత్రం రాబడి ఊసెత్తలేదు. వీళ్లు మన ఆచారాలు చెడగొడుతున్నారన్నారు. పంతొమ్మిదో అధ్యాయంలో ఎఫెసు కంసాలి దేమేత్రియు మరికొంచెం ముక్కుసూటి మనిషి. వెండి గుళ్ల బేరం పడిపోతోందని తోటి పనివారితో చెప్పి, ఆ వెంటనే దేవత ఘనతను ముందుకు తెచ్చాడు. ఊరంతా నాటకశాలలో చేరి గంటల తరబడి కేకలు వేసింది. ఎందుకు చేరారో చాలామందికి తెలియదని లూకా రాశాడు. వ్యాపారం మతం పేరెత్తితే వీధిలో ఏమవుతుందో ఇంతకంటె స్పష్టంగా చెప్పడం కష్టం.

కాబట్టి కంపెనీలు ప్రతిదానిలో తలదూర్చాలని మేము అనడం లేదు. అయితే కంపెనీలు ఇన్నాళ్లూ మౌనంగా ఉన్నాయనుకోవడం కూడా పొరపాటు. 2017 ఆర్థిక చట్టం, మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతం మించి పార్టీలకు విరాళం ఇవ్వకూడదన్న పరిమితిని ఎత్తేసింది. ఏ పార్టీకి ఇచ్చారో లెక్కల్లో చూపాల్సిన పని కూడా లేకుండా చేసింది. మరుసటి ఏడాది ఎన్నికల బాండ్లు వచ్చాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీం కోర్టు ఆ పథకాన్ని కొట్టేసే దాకా ఎవరు ఎంత కొన్నారో మామూలు పౌరునికి తెలియలేదు. తర్వాత బయటపడిన లెక్కల్లో ఫ్యూచర్ గేమింగ్ అనే లాటరీ సంస్థ రూ. 1,368 కోట్లతో, హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్ రూ. 966 కోట్లతో మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి. సమాజాన్ని ఎటు నడపాలన్న విషయంలో ఇంతకన్నా పెద్ద వైఖరి ఏముంటుంది? అది చీకట్లో తీసుకున్న వైఖరి, అంతే తేడా.

తమ ప్రయోజనానికి దెబ్బ తగిలినప్పుడు కంపెనీలు పగటిపూట కూడా గట్టిగానే మాట్లాడతాయి. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం ప్రైవేటు సంస్థల్లో స్థానికులకు మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో 50 శాతం, మిగిలిన వాటిలో 70 శాతం కేటాయించే బిల్లును ఆమోదించింది. నాస్‌కామ్, పేరున్న పారిశ్రామికవేత్తలు వెంటనే వ్యతిరేకించారు. ప్రభుత్వం ఒకటి రెండు రోజుల్లోనే బిల్లును పక్కన పెట్టింది. ఆ బిల్లు ప్రకారం స్థానికుడంటే రాష్ట్రంలో పుట్టి, పదిహేనేళ్లు ఉండి, కన్నడం మాట్లాడడం, చదవడం, రాయడం వచ్చినవాడు. కోలారులో, బళ్లారిలో, బెంగళూరులో తాతల నాటి నుంచి ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ నిర్వచనం ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. కన్నడ బడిలో చదివిన పిల్లలు నెగ్గుతారు, ఇంగ్లీషు బడిలో చదివి కన్నడం సరిగా రాని పిల్లలు నిలబడిపోతారు. బిల్లు ఆగడం మనలో కొందరికి ఊరటే. అయినా ఒక భాషా సమాజం తన భూమి మీద ఉద్యోగాలు అడిగినప్పుడు, ఆ ప్రశ్నను ఒక్క రోజులో మూసేయగల బలం పరిశ్రమ చేతిలో ఉండడం ఆలోచించాల్సిన సంగతి. మనకు కలిసొచ్చిందని ఆ బలాన్ని మెచ్చుకోలేం. అంత బలం ఉన్నవారు పారిశుద్ధ్య కార్మికుని విషయంలో మాత్రం తాము వ్యాపారులమనీ, సామాజిక విషయాలు తమకు పట్టవనీ ఎలా అంటారని మాత్రం అడుగుతాం.

పారిశుద్ధ్యం అనగానే మనకు కోలారు బంగారు గనులు గుర్తుకు రావాలి. తెలుగు, తమిళ దళిత కుటుంబాలు తరాలుగా ఆ గనుల్లోకి దిగి పనిచేశాయి. ఆ గనుల పట్టణంలో మనుషులు చేతులతో శుభ్రం చేసే పాయిఖానాలు ఉండేవి. వాటిని ఎత్తిపోసే పని ఎవరిదో ఏ నియమావళిలోనూ రాసి ఉండనక్కర్లేదు, ఊరందరికీ తెలుసు. అలాంటి తెలుగు కుటుంబంలోనే 1966లో బెజవాడ విల్సన్ పుట్టారు. తన వాళ్లు ఏ పని చేస్తున్నారో చూసి తట్టుకోలేక ఆయన గనుల యాజమాన్యానికీ, ప్రభుత్వానికీ, పత్రికలకూ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1993లో ఆ పనిని నిషేధిస్తూ చట్టం వచ్చాక కూడా ఆ పాయిఖానాలు వెంటనే పోలేదు. సఫాయి కర్మచారి ఆందోళన్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం మీద 2013లో మరింత గట్టి చట్టం, 2014లో సుప్రీం కోర్టు తీర్పు వచ్చాయి. 2016లో విల్సన్‌కు మెగసెసే పురస్కారం ఇచ్చారు. గనులు అప్పటికే, 2001లో, మూతపడ్డాయి.

ఆ యాజమాన్యం కులానికి అనుకూలంగా ఎప్పుడైనా ప్రకటన చేసిందా అని ఎవరూ అడగరు. అలా చేయాల్సిన అవసరమే రాలేదు. ఏమీ అనకుండా ఊరుకుంటే చాలు, పాత పద్ధతి తనంతట తాను నడిచిపోయింది. కంపెనీలు నిష్పక్షంగా ఉండాలని చెప్పేవారికి మా జవాబు ఇదే. గేటు లోపల కులం నడుస్తున్నప్పుడు మౌనం నిష్పక్షం కాదు. అది కులం పక్షం.

ఆ గనుల కాలం పోయిందని అనుకుందామా? 2007లో సుఖదేవ్ థొరాట్, పాల్ అటీవెల్ ఒక అధ్యయనం ప్రచురించారు. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం చదువు ఉన్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో పంపారు. అగ్రకులం అని తెలిసే పేర్లకంటె దళిత పేర్లకు, ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువగా వచ్చాయి. దరఖాస్తు చూసినవారెవరూ కుల ద్వేషం ప్రకటించలేదు. పేరు చదివి కాగితం పక్కన పెట్టారు, అంతే.

అంతకు ముందు ఏడాదే, ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల మాట వచ్చినప్పుడు, సీఐఐ, అసోచామ్ కలిసి జె.జె. ఇరానీ అధ్యక్షతన ఒక కార్యదళం వేశాయి. చట్టం వద్దు, మేమే స్వచ్ఛందంగా దళితులకు, ఆదివాసులకు అవకాశాలు పెంచుతామన్నాయి. ఇది కూడా కంపెనీలు బహిరంగంగా తీసుకున్న వైఖరే. ఇన్నేళ్లకు ఎంత మారిందో తెలుసుకుందామంటే లెక్క చేతికి రాదు. 2022-23 నుంచి స్టాక్ మార్కెట్‌లోని మొదటి వెయ్యి కంపెనీలు సెబీకి ఏటా బాధ్యతాయుత వ్యాపార నివేదిక ఇవ్వాలి. మహిళలెందరో, వికలాంగులెందరో అందులో రాయాలి. దళితులెందరో రాయమని అది అడగదు. లెక్క అడగని చోట వాగ్దానం ఇవ్వడం సులువు.

ఇందులో మన కుటుంబాలకు సంబంధించిన మరో ముడి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడు. ఆ ఉత్తర్వును 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. మనకు సడలించలేదు. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ లాంటి రాష్ట్రాల్లో వెనుకబడిన తరగతుల జాబితాలో పెట్టి సరిపెట్టారు. ఈ విషయం పరిశీలించమని కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వం చేయాలి. కానీ ఒక ప్రైవేటు కంపెనీ తన స్వచ్ఛంద కార్యక్రమంలో దళిత క్రైస్తవుణ్ణి లెక్కలోకి తీసుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. బాప్తిస్మంతో వాడవాళ్లు వాడ విడిచి పోలేదని ఇంటర్వ్యూ చేసేవారికి తెలుసు. తెలియనట్టు ఉండడం కూడా ఒక వైఖరే.

మరి ఏ విషయంలో కంపెనీ మాట్లాడాలి, ఏ విషయంలో ఊరుకోవాలి? మేము మూడు ప్రశ్నలు వేసి చూస్తాం.

మొదటిది, ఆ విషయం కంపెనీ గేటు దాటి లోపలికి వచ్చిందా? ఉద్యోగంలోకి తీసుకోవడం, జీతం, రక్షణ, తోటివారి ప్రవర్తన, కస్టమరు ప్రవర్తన ఇవన్నీ లోపలివే. ఒక కస్టమరు డెలివరీ కుర్రాడి మతం అడిగితే అది లోపలి విషయం. అక్కడ కంపెనీ మాట్లాడాలి. జొమాటో 2019లో మాట్లాడడం సరైన పనే. ఏ పార్టీకి ఓటెయ్యాలి, ఏ దేవుణ్ణి కొలవాలి అన్నవి లోపలివి కావు. అక్కడ ప్రకటనా వద్దు, గుట్టుగా ఇచ్చే డబ్బూ వద్దు.

రెండోది, అది నిజంగా తేలని విషయమా, లేక రాజ్యాంగం ఏనాడో తేల్చేసిందా? ఒక బిల్లు మంచిదా చెడ్డదా అని పౌరులు వాదించుకోవచ్చు. అంటరానితనం మీద వాదన లేదు. 17వ అధికరణం దాన్ని రద్దు చేసింది, ఆ నిషేధం ప్రభుత్వానికే కాదు ప్రతి పౌరునికీ, ప్రతి సంస్థకూ వర్తిస్తుంది. దుకాణాల్లో, హోటళ్లలో కులమత భేదం కుదరదని 15వ అధికరణం చెప్పింది. కొందరికి నచ్చనంత మాత్రాన మనిషి విలువ వివాదాస్పదం అయిపోదు. వివాదాస్పదం అన్న ముద్ర వేసి తప్పించుకునే వీలు కంపెనీలకు ఇవ్వకూడదు.

మూడోది, మాట ఒకరిదై దెబ్బ ఇంకొకరికి తగులుతోందా? 2020 అక్టోబరులో తనిష్క్ నగల కంపెనీ ఒక ప్రకటన తీసింది. ముస్లిం అత్తగారు హిందూ కోడలికి సీమంతం చేస్తున్న కథ అది. ప్రేమగా తీసిన ప్రకటనే. గొడవ లేచింది, కంపెనీ వెనక్కి తీసుకుంది. మనోభావాలతో పాటు తమ ఉద్యోగుల, దుకాణ సిబ్బంది క్షేమం కూడా చూసుకోవాల్సి వచ్చిందని చెప్పింది. గుజరాత్‌లోని గాంధీధామ్ దుకాణం తలుపు మీద క్షమాపణ కాగితం కనిపించింది. తనిష్క్ టైటాన్ సంస్థది. టాటాలతో పాటు తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో అందులో భాగస్వామి. టైటాన్ కర్మాగారం ఉన్న హోసూరు మన తెలుగువారి ఊరు కూడా. అంత పెద్ద అండ ఉన్న కంపెనీయే వెనక్కి తగ్గినప్పుడు, కౌంటరు వెనక నెల జీతానికి నిలబడే అమ్మాయి ఏం చేయగలదు? ఆ క్షేమం గురించి ప్రకటన విడుదల చేయకముందే ఆలోచించాలి. వాళ్లను అడగాలి, రక్షణ ఏర్పాటు చేయాలి, ఆ తర్వాత నిలబడాలి. నిలబడలేని మాట అననే కూడదు. మాట అని వెనక్కి తీసుకుంటే అల్లరి చేసినవారికి తమ బలం తెలిసిపోతుంది, తర్వాత వంతు ఇంకెవరిదో అవుతుంది.

జొమాటో రైడర్ల సంగతీ అంతే. ఆ మంచి మాట వచ్చిన రెండు వారాల్లోనే హౌరాలో అదే కంపెనీ రైడర్లు పని ఆపారు. గొడ్డు మాంసం, పంది మాంసం తమతో మోయించవద్దన్న మాటే దేశానికి వినిపించింది. తగ్గిన చెల్లింపుల మీద ఫిర్యాదు కూడా వారి డిమాండ్లలో ఉంది, అది ఎక్కువమందికి వినిపించలేదు. కూలి గురించి మాట్లాడితే వినని చోట మతం గురించి మాట్లాడితే కెమెరాలు వస్తాయి. ఇలాంటి పనివారి సామాజిక భద్రతకు రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో చట్టాలు చేశాయి. రైడరును గౌరవిస్తున్నామని చెప్పే కంపెనీ ఆ చట్టాలను సాగదీయకుండా అమలు చేస్తే, అదే దాని వైఖరి అనుకుంటాం.

యెషయా గ్రంథం యాభై ఎనిమిదో అధ్యాయంలో దేవుడు ప్రజల ఉపవాసాన్ని తోసిపుచ్చుతాడు. వాళ్లు గోనెపట్ట కట్టుకుని తల వంచుకున్న ఆ రోజునే పనివారిని పీడిస్తున్నారు. ఉపవాసం తప్పని ఆయన అనలేదు. కాడి విప్పకుండా చేసే ఉపవాసం తనకు వద్దన్నాడు. మహిళా దినోత్సవం నాడు ప్రకటనలు, అంబేడ్కర్ జయంతి నాడు శుభాకాంక్షలు వేసే కంపెనీ, తన సెప్టిక్ ట్యాంకులోకి దిగే మనిషి ఎవరి మనిషని అడిగితే కాంట్రాక్టరును చూపిస్తుంది. 2013 చట్టం మురుగు గుంటల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపడం నేరమంది. అలా చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీం కోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. తమిళనాడులో ఈ పనిలో ఎక్కువగా ఉన్న అరుంధతియర్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. చనిపోయినవాడు మన భాషలోనే కేక వేసి ఉంటాడు.

ఈ కొలత మన సంస్థలకూ వర్తిస్తుంది. క్రైస్తవ బడి, ఆసుపత్రి, హాస్టలు కూడా యజమానులే. 1865లో బాసెల్ మిషన్ మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు, విశ్వాసంలోకి వచ్చి కులం అండ, వృత్తి పోగొట్టుకున్నవారికి కూడు దొరకాలన్నది దాని ఉద్దేశాల్లో ఒకటి. వాక్యం చెప్పినవారు కూలి గురించి కూడా ఆలోచించారు. సమానత్వం మీద తీర్మానాలు చేసే ప్రతి సంస్థా తన ఆయాకు, స్వీపరుకు కనీస వేతనం, పీఎఫ్ ఇస్తున్నదో లేదో ఏటా సంఘం ముందు చెప్పాలి.

కంపెనీలను మేము అడిగేవి నాలుగు. ఉద్యోగుల్లో దళితులు, ఆదివాసులు, మైనారిటీలు ఎందరో ఏటా ప్రకటించండి, దళిత క్రైస్తవులను అందులో కలపండి. వివక్ష చూపకూడదన్న నియమావళిలో కులం అన్న మాట విడిగా రాయండి. కాంట్రాక్టరు మనిషిని కూడా మీ మనిషిగా లెక్కించండి. పార్టీలకు ఇచ్చే ప్రతి రూపాయీ వాటాదారులకూ ప్రజలకూ తెలిసేలా ఇవ్వండి, లేదా మానేయండి.

పాఠకులను అడిగేది కూడా ఉంది. కంపెనీల్లో పనిచేసే మన పిల్లలు, ఏ ప్రకటన వచ్చిందో పంచుకోవడంతో ఆగకుండా, ఆ కంపెనీ హౌస్‌కీపింగ్ వారికి ఎంత జీతం వస్తుందో కనుక్కోవాలి. అపార్ట్‌మెంట్లలో ఉన్నవారు తమ సంఘం సమావేశంలో రెండు విషయాలు లేవనెత్తవచ్చు. డెలివరీ కుర్రాళ్లను మామూలు లిఫ్టు ఎక్కనిస్తున్నారా? ట్యాంకు శుభ్రం చేయడానికి యంత్రం వస్తోందా, మనిషి వస్తున్నాడా? ఈ ప్రశ్నలకు పెద్ద ధైర్యం అక్కర్లేదు. కోలారులో ఉత్తరాలు రాసిన యువకునికి ఇంతకన్నా ఎక్కువ కావాల్సి వచ్చింది, జవాబు లేకపోయినా ఆయన రాస్తూనే ఉన్నాడు.